డాలీ పట్టిన చెయ్యి

నాకు డెబ్బై రెండేళ్ళు. దెయ్యాలున్నాయని ఏనాడూ ఒప్పుకోలేదు. కుర్రతనంలో యూనియన్ మీటింగుల్లో నిలబడి, "మనల్ని పీక్కు తినడానికి బతికున్నవాళ్ళు చాలరా, చచ్చినవాళ్ళు కూడా కావాలా?" అని అరిచినవాణ్ణి. ఈ ఫిబ్రవరిలో నా కళ్ళ ముందు జరిగినదానికి ఇప్పటికీ నేను పేరు పెట్టను. జరిగింది జరిగినట్టు చెబుతాను. పేరు మీరే పెట్టుకోండి.

రాయ్‌పూర్‌కీ భిలాయికీ మధ్య కుమ్హారి దాటాక ఎర్రమట్టి దారిలో లోపలికి వెళ్తే, యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు వేసిన రన్‌వే ఒకటి ఉంది. సగం పగుళ్ళు, పగుళ్ళ నిండా గడ్డి. పక్కన పొడుగాటి రేకుల షెడ్డు. అందులో మూడేళ్ళుగా ఒక పాత విమానం ఉండేది. ముందొకరు, వెనకొకరు కూర్చునే హార్వర్డ్ విమానం. ఆ రోజుల్లో కొత్త పైలెట్లకు దాని మీదే పాఠాలు చెప్పేవారట. ఏదో కాలేజీ పెరట్లో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న దాన్ని రాయ్‌పూర్ సేఠ్ ఒకాయన లారీ మీద తెచ్చి, మళ్ళీ ఎగరేసి ఎయిర్ షోల్లో చూపిస్తానని కూర్చున్నాడు. డబ్బున్నవాడి పిచ్చి. కానీ ఆ పిచ్చి పుణ్యమా అని మూడేళ్ళు నాకూ, నా కూతురికీ చేతినిండా పని దొరికింది.

నా పేరు త్రినాథరావు. టెక్కలి పక్క పల్లె నుంచి పద్దెనిమిదో ఏట భిలాయి వచ్చాను. అప్పటినుంచీ క్యాంప్ 2 అనే కార్మికుల బస్తీలోనే కాపురం. కాంట్రాక్టు కూలీల సమ్మెలో ముందు నిలబడ్డందుకు నా పేరు నల్ల జాబితాలోకి ఎక్కింది. ఇక ఏ కాంట్రాక్టరూ ఉక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గరకు రానివ్వలేదు. అప్పుడు కుమ్హారిలో బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో చేరి రివెట్లు కొట్టడం నేర్చుకున్నాను. ఇప్పటివాళ్ళందరికీ వెల్డింగే వచ్చు. పల్చటి అల్యూమినియం రేకుకి నలగకుండా రివెట్టు కొట్టే మనిషి కోసం వెతుక్కుంటూ సేఠ్ మనుషులు క్యాంప్ 2 సందుల్లోకి వచ్చారు.

రివెట్టు పని ఒంటరిగా అయ్యేది కాదు. బయట ఒకడు గాలితో నడిచే గన్ను పెట్టి కొట్టాలి. లోపల ఇంకొకడు బరువైన ఇనపముక్క అదిమి పట్టాలి. ఆ ఇనపముక్కనే డాలీ అంటాం. బయటి దెబ్బకి రివెట్టు తోక డాలీకి తగిలి, బొత్తాంలా అణిగి, రెండు రేకుల్నీ పట్టేస్తుంది. లోపల డాలీ లేకపోతే రివెట్టు పడదు. గోడ లేకుండా బంతి తిరిగి రానట్టే.

బయటివాడికి లోపలివాడు కనపడడు, గన్ను మోతలో మాట వినపడదు. అందుకని లోపలివాడు డాలీతో రేకు మీద కొట్టి చెబుతాడు. ఒక దెబ్బ అంటే పని కాలేదు, ఇంకా కొట్టు. రెండు దెబ్బలంటే బాగుంది, తర్వాతదానికి పో. మూడు దెబ్బలంటే చెడిపోయింది, పీకెయ్.

బస్సుల షెడ్డులో నాకు లోపలి మనిషి చిన్నారావు. పదకొండేళ్ళు మేమిద్దరం ఒక జత. పుర్రచేతివాటం మనిషి. ఎడమ చేత్తో డాలీ పట్టడం వల్ల వాడు అణిచిన రివెట్టు తోకలన్నీ ఒక్క వెంట్రుకవాసి ఎడమకు ఒరిగి ఉండేవి. గట్టితనానికి లోటు లేదు. అది వాడి సంతకం, అంతే. ఇక్కడి గుడాకు అలవాటు చేసుకుని పొద్దస్తమానం పళ్ళకు రుద్దుతూ ఉండేవాడు. ఆ బెల్లం, పొగాకు కలిసిన వాసనని బట్టి బస్సులో ఏ మూల ఉన్నాడో చెప్పేసేవాణ్ణి. నన్ను అన్నా అని పిలిచేవాడు.

ఒకరోజు సాయంత్రం బస్సు అప్పజెప్పాలని మా మేస్త్రీ నెత్తిన కూర్చున్నాడు. కుడివైపు ఆఖరి కిటికీ కమ్మీ దగ్గర నేను కొట్టిన రివెట్లకు లోపల్నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. విన్నాను. విననట్టు నటించి రంగువాణ్ణి పిలిచాను. చిన్నారావు బయటికి వచ్చి నా మొహంలోకి చూసి, చేతులు కడుక్కుని పోయాడు.

పది రోజుల తర్వాత వాడు తల్లిని చూడ్డానికి ఊరు బయల్దేరింది ఆ బస్సులోనే. సాలూరు ఘాట్ మలుపులో బస్సు కొండని ఒరుసుకుంది. కుడివైపు వెనక రేకు కమ్మీతో సహా ఊడిపోయింది. ఆ కిటికీ దగ్గర కూర్చున్న మనిషి ఒక్కడే లోయలోకి పోయాడు. మిగతా నలభై మందికీ గీతలే. ఆ ఒక్కడూ చిన్నారావు.

మూడు దెబ్బల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. వాడి భార్య చిన్నమ్మలు మా పక్క సందులోనే ఉంటుంది. నలభై ఏళ్ళు ఆమె ఇంట్లో టీ తాగాను, ఆమెకి రేషన్ కార్డు ఇప్పించాను, పండక్కి చీర కొన్నాను. ఆ మాట తప్ప అన్నీ చెప్పాను.

విమానం దగ్గర నాకు లోపలి మనిషి నా కూతురు రజనీకుమారి. నలభై ఏళ్ళది. ఐటిఐలో రేకుపని నేర్చుకున్న మొదటి ఆడపిల్ల. ఎక్కడికి పోయినా "ఆఫీసులో కూర్చోరాదా అమ్మా" అన్నవాళ్ళే కానీ చేతికి పనిముట్టు ఇచ్చినవాడు లేడు. సన్నటి మనిషి కాబట్టి వెనక సీటు వెనక నుంచి విమానం తోకలోకి దూరగలిగేది. మూడేళ్ళలో ఆ తోకలో ప్రతి రివెట్టు వెనకా దాని చెయ్యే ఉంది. విమానం నడిపే విక్రమ్ ఇక్కడి చరోదా రైల్వే కాలనీ కుర్రాడు, ఎయిర్‌ఫోర్సులో చేసి వచ్చాడు. షో రోజున వెనక సీటు రజనిదే అని సేఠ్ దగ్గర మాట తీసుకున్నాడు.

"నాన్నా, దీదీ అని పిలిచేవాళ్ళు చాలామంది ఉన్నారు. సీటిచ్చినవాడు వీడొక్కడే" అంది రజని ఆ రాత్రి అన్నం తింటూ.

మా ఆవిడ నూకాలమ్మ గిన్నె ఠక్కున పెట్టింది. "తండ్రికి ఇనుము పిచ్చి, కూతురికి ఇమానం పిచ్చి. ఈ కొంపలో నేలమీద నడిసేది నానొక్కదాన్నే."

షో శని, ఆదివారాలు. ముందటి బుధవారం నాటికి ఒక్క అతుకు మిగిలింది. వెనక సీటుకి రెండడుగుల వెనక, ఏడో ఫ్రేమ్ దగ్గర. ఫ్రేమంటే విమానానికి పక్కటెముక లాంటిది. అక్కడ వేసిన కొత్త రేకుకి ఒక వరుసలో పదకొండు రివెట్లు కొట్టాలి.

మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టబోతుంటే రాయ్‌పూర్ వైపు నుంచి ఆకాశం నల్లబడింది. కాలం కాని కాలం వాన. ముందు గాలి వచ్చింది, దానితో ఎర్రదుమ్ము. షెడ్డు రేకులు డబడబలాడాయి. కరెంటు పోయింది. మూడున్నరకే లోపల సాయంత్రం ఏడయినంత చీకటి. తడిమట్టి వాసన, పాత నూనె వాసన, ఆకుపచ్చ ప్రైమర్ రంగు ఘాటు అన్నీ కలిసి ముక్కుకి తగిలాయి.

కరెంటు పోతే కంప్రెసర్ ఆగిపోతుంది. కానీ ట్యాంకులో మిగిలిన గాలి పదీ పదిహేను రివెట్లకు సరిపోతుంది. గేజీ ముల్లు మెల్లగా కిందకి జారుతోంది. ఆగితే ఆ గాలి ఊరికే పోతుంది.

రజని అప్పటికే తోకలోకి దూరింది. దాని టార్చి వెలుగు రివెట్టు కన్నాల్లోంచి సూదుల్లా బయటికి వస్తోంది.

"రెడీయేనా?" అని అరిచాను.

వడగళ్ళు మొదలయ్యాయి. రేకుల మీద కంకర పోసినట్టు మోత. రజని ఏదో అంది. నాకు వినపడలేదు. కన్నాల్లోంచి వెలుగు పోయింది. టార్చి పక్కన పెట్టుకుని డాలీ అందుకుందనుకున్నాను.

మొదటి రివెట్టు పెట్టి గన్ను నొక్కాను. గట్టిగా, నిండుగా పడింది. లోపల్నుంచి... టక్, టక్.

బాగుంది.

రెండోది. టక్, టక్.

మూడోది. టక్, టక్.

నా చేతులు తేలికపడ్డాయి. ఆ మాట ఎలా చెప్పాలో తెలియదు. మూడేళ్ళుగా రజనితో కొడుతున్నాను, మంచి చెయ్యే. కానీ అది నా దెబ్బకి అరక్షణం వెనక ఉంటుంది. ఆరోజు అలా లేదు. నేను గన్ను ఎత్తేసరికి అవతల డాలీ సిద్ధంగా ఉంది. నేను ఆపేసరికి ఆగింది. ఇద్దరు మనుషులు ఒకే ఊపిరి పీల్చినట్టు... నలభై ఏళ్ళ కిందట అలా కొట్టేవాణ్ణి.

ఎనిమిది. తొమ్మిది. పది. గేజీ ముల్లు అడుగుకి వచ్చేసింది. పదకొండోదానికి గాలి చాలదనుకున్నాను. గన్ను మూలిగినట్టు కొట్టింది.

టక్.

ఒకటి. ఇంకా కొట్టు.

ఉన్న గాలంతా పెట్టి నొక్కాను.

టక్, టక్.

గన్ను దించి నుదురు తుడుచుకున్నాను. అప్పుడు తగిలింది వాసన. రివెట్టు వరుస పక్కన, లోపలికి చూడ్డానికి ఉంచిన చిన్న మూత సందులోంచి. బెల్లం మరిగించి పొగాకు కలిపినట్టు... తియ్యగా, ఘాటుగా.

"నాన్నా, చాయ్."

నా వెనక నుంచి.

తిరిగి చూశాను. రజని షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉంది. తలా, భుజాలూ తడిసి ముద్దయ్యాయి. చేతిలో ఫ్లాస్కు.

"నువ్వు... ఎప్పుడొచ్చావే బయటికి?"

"అరే, చెప్పే వెళ్ళాను కదా! బయట పెట్టిన పాత ఇంజన్ మీద టార్పాలిన్ ఎగిరిపోతోంది, కట్టేసి వస్తాను, ఆగమని అరిచాను. ఆ పక్క నుంచి దిగి వెళ్ళాను. ఏటి నాన్నా, అలా చూస్తావేటి?"

వేలు పెట్టి వరుస చూపించాను. రజని లెక్కపెట్టింది. పదకొండు. దాని నవ్వు మెల్లగా పోయింది.

"లోపల ఎవరు పట్టారు?" అని గుసగుసగా అడిగింది.

వడగళ్ళు ఆగిపోయాయి. ఇద్దరం తోక వైపు చూస్తూ నిలబడ్డాం. చివరికి రజనే వెనక సీటులోకి ఎక్కి, టార్చి పట్టుకుని తల లోపల పెట్టింది.

"ఎవరూ లేరు..."

"రివెట్లు?"

"బాగున్నాయి. చాలా బాగున్నాయి నాన్నా." టార్చి ఇంకా దగ్గరగా పెట్టింది. "అన్నీ ఎడమకి ఒరిగి ఉన్నాయి."

తను వదిలి వెళ్ళిన డాలీ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఫిబ్రవరి వానలో ఇనుము ఎంత చల్లగా ఉండాలి? అది వెచ్చగా ఉంది. ఎవరో గంటసేపు గుప్పిట్లో పెట్టుకున్నంత వెచ్చగా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నన్ను తిన్నది దెయ్యం భయం కాదు. చిన్నారావు బాగుందన్నాడు. నిజంగానే బాగుందా? వాడు చెడిపోయిందన్నప్పుడు నేను వినలేదు, వాడి ప్రాణం పోయింది. ఇప్పుడు నా కూతురు కూర్చునే సీటు వెనక నిలబడి వాడు బాగుందంటే, ఆ మాట నమ్మాలా? నా స్థానంలో మీరుంటే నమ్ముతారా?

పొద్దున్నే వెళ్ళి పదకొండూ డ్రిల్లు పెట్టి పీకేశాను. ఒక్కటీ చెడ్డది కాదు. రజనిని లోపల కూర్చోబెట్టి మళ్ళీ కొట్టాను. ఈసారి దాని టార్చి ఆర్పనివ్వలేదు, పాట పాడుతూనే ఉండమన్నాను. తోకలు నిటారుగా పడ్డాయి. గుడాకు వాసన లేదు, వేరే దెబ్బ లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి అద్దం పెట్టి చూసి సంతకం చేసి పోయాడు.

"చూశావా, ఏమీ లేదు. కరెంటు పోయింది, చీకటి, నీకు భ్రమ, నాకు భ్రమ" అంది రజని.

"డాలీ వేడి కూడా భ్రమేనా? నువ్వు ఎక్కకు తల్లీ."

దాని మొహం ఎర్రబడింది. "దెయ్యాల్లేవు, పనివాళ్ళని పీక్కుతినే మాలిక్‌లే ఉన్నారని చిన్నప్పట్నుంచీ నూరిపోసింది ఎవరు? పదిహేనేళ్ళు అందరూ నన్ను కిందే నిలబెట్టారు. ఇప్పుడు నువ్వు కూడానా?"

జవాబు ఉంది... చెప్పే నోరు లేదు.

శనివారం ఎగిరింది. రన్‌వే పక్కన తాళ్ళు కట్టి వేలమందిని నిలబెట్టారు. పసుపు రంగు విమానం మట్టి లేపుకుంటూ పరిగెత్తి, గొంతు చించుకుని అరుస్తూ లేచింది. వెనక అద్దంలోంచి రజని చెయ్యి ఊపింది. పన్నెండు నిమిషాలు నేను దాని తోక మీంచి చూపు తిప్పలేదు. అది నేలకి దిగాక పచ్చికలో కూర్చుండిపోయాను.

రజని దిగి నా దగ్గరకు వచ్చింది. నవ్వుతోంది కానీ కళ్ళు నవ్వడం లేదు. ఎవరూ వినకుండా పక్కకి లాగింది.

"నాన్నా... పైన ఉన్నంతసేపూ నా సీటు వెనక నుంచి ఎవరో కొట్టారు. ఇంజన్ మోతలో వినపడదు. వీపుకి తెలిసింది."

"ఎన్ని?"

"ఒకటి. కాసేపాగి మళ్ళీ ఒకటి. అంతే... దిగేదాకా."

ఒకటి. పని కాలేదు.

విక్రమ్, రజని సాయంత్రం దాకా తోకంతా విప్పి చూశారు. వదులైనది లేదు, పగులు లేదు. "చాచా, గాలికి రేకు కొట్టుకుంటుంది, పాతది కదా" అన్నాడు విక్రమ్. వాడి తప్పు లేదు. వాడికి చిన్నారావు తెలియదు.

ఆదివారం షో నాలుగింటికి. రెండింటికి చిన్నమ్మలు ఇంటికి వెళ్ళాను. పూర్తి కాని ఆ పని నాదేనని నాకు అర్థమైంది. ఆ మాట ఆమెకి చెప్పేస్తే వాడు శాంతిస్తాడు, నా కూతుర్ని వదిలేస్తాడు. ముసలి బుర్రకి అంతే తోచింది.

చిన్నమ్మలు గుమ్మంలో చింతపండు గింజలు తీస్తోంది. "రా బావా. పిల్ల ఎగిరిందట కదా! వీధంతా అదే సెప్పుకుంతన్నారు."

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. కిటికీ కమ్మీ, మూడు దెబ్బలు, రంగువాణ్ణి పిలవడం, అంతా.

ఆమె చేతులు ఆగలేదు. ఇంకో గింజ తీసి పక్కన పెట్టింది.

"నాకు తెల్దేటి?" అంది.

"ఏటి?"

"బస్సెక్కిన్నాడు పొద్దున్నే సెప్పాడు. ఆ కిటికీ కాడ మేకులు సెడ్డాయే, అన్నకి సెప్పినా ఇనలేదు. ఇంకెవులైనా పిల్లాపాపా కూకుంతే ఏటైపోద్దో, అన్న జైలుకెల్తాడు, ఊరి దాకా ఆ సీట్లో నానే కూకుంతాను, తిరిగొచ్చినాక నానే ఇప్పి కొడతాను అన్నాడు." తల ఎత్తింది. కళ్ళలో తడి లేదు. "నువ్వు ఎప్పుడు సెప్తావా అని నలభై ఏళ్ళు సూసాను బావా. ఆడు సెడ్డ సీట్లోనే కూకుంతాడు. మంచి సీటు ఆడికెందుకు?"

చెడ్డ సీట్లోనే కూర్చుంటాడు.

వాడు నా మీద పగతో రాలేదు. ఆ తోకలో ఏదో చెడింది. రివెట్టు కాదు... ఇంకేదో. మాకెవరికీ కనపడనిది. అందుకే వాడు అక్కడ ఉన్నాడు. అందుకే ఒకటే దెబ్బ. పని కాలేదు, పని కాలేదు, పని కాలేదు.

రజనికి ఫోన్ చేశాను. మోగింది... నా సంచిలోనే. నిన్న వీడియో తియ్యమని నాకిచ్చి మళ్ళీ తీసుకోలేదు.

ఆటో దొరికి, కుమ్హారి దగ్గర ట్రాఫిక్ దాటి, తాళ్ళ కింద నుంచి దూరి నేను చేరేసరికి నాలుగుకి ఇంకా పది నిమిషాలే ఉంది. విక్రమ్ ముందు సీటులో ఉన్నాడు. రజని రెక్క మీద నిలబడి, ఒక కాలు లోపల పెట్టబోతోంది.

మణికట్టు పట్టుకుని లాగాను. పడబోయి నిలదొక్కుకుంది.

"పాగల్ అయ్యావా నాన్నా? అందరూ చూస్తున్నారు!"

"చూడనీ." అందరి ముందే చెప్పాను. సేఠ్ ముందు, మెకానిక్కుల ముందు, మైకు పట్టుకున్నవాడి ముందు. చిన్నారావుని చంపింది ఘాట్ రోడ్డు కాదు, నేనేనని. ఆ సీటు చెడ్డదని. విక్రమ్, నువ్వు కూడా దిగు బాబూ అన్నాను.

సేఠ్ తల కొట్టుకున్నాడు. "ఈ ముసలి బుడ్డాని ఎవడు లోపలికి రానిచ్చాడు? జనం ఎదురు చూస్తున్నారు, నేతలు వచ్చి కూర్చున్నారు!" విక్రమ్ దిగి మళ్ళీ టార్చి వేసి తోక చూశాడు. ఏమీ లేదు. "చాచా, నా విమానం నాకు తెలుసు" అని నవ్వి మళ్ళీ ఎక్కాడు.

రజని మాత్రం నన్నే చూస్తోంది. "పిన్ని చేతి టీ నలభై ఏళ్ళు ఎలా తాగావు నాన్నా?" అంది. అంతే. మెల్లగా చెయ్యి విడిపించుకుంది. ఎక్కుతుందనుకున్నాను. ఎక్కలేదు.

వెనక సీటు ఖాళీగా వెళ్తే బెల్టులు అక్కడ కూడా ఉండే, విమానం నడిపే కర్రకి చుట్టుకోకుండా సీటుకి అంటుకునేలా బిగించాలి. రజని వంగి బకిల్ పెట్టి, పట్టీలు నాలుగూ ఆఖరిదాకా లాగింది. సీటుకి, బెల్టుకి మధ్య వేలు దూరదు. నేను పక్కనే ఉండి చూశాను. అద్దం మూసింది.

విమానం లేచింది. తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. పన్నెండు నిమిషాలకి దిగింది. రెక్క విరగలేదు, తోక ఊడలేదు. సేఠ్ నన్ను చూసి నేలమీద ఉమ్మాడు. వేలమంది ముందు నేనొక పిచ్చి ముసలాణ్ణి. కానీ నా కూతురు నా పక్కన ఉంది. ఉమ్ముకోనీ అనుకున్నాను.

విక్రమ్ ఇంజన్ ఆపాడు కానీ దిగలేదు. దగ్గరకు వెళ్తే మొహంలో రక్తం లేదు.

"దీదీ... నువ్వు ఎక్కలేదు కదా?"

"ఇక్కడే ఉన్నాను భయ్యా. ఏమైంది?"

"తోక బరువుగా ఉంది. లేచిన దగ్గర్నుంచీ. నిన్న నువ్వున్నప్పటికంటే బరువు. వెనక ఒక మనిషి... మగమనిషి కూర్చున్నట్టు."

రజని రెక్క ఎక్కి వెనక అద్దం వెనక్కి తోసింది. బెల్లం, పొగాకు వాసన నా దాకా వచ్చింది. నేను కూడా ఎక్కి చూశాను.

సీటు ఖాళీ. బకిల్ పెట్టినది పెట్టినట్టే ఉంది. పట్టీలు మాత్రం నాలుగూ సాగి ఉన్నాయి. భుజాల దగ్గర భుజాలకి సరిపడా, నడుము దగ్గర నడుముకి సరిపడా. కిందకి జారి పడలేదు. గాల్లో అలాగే నిలిచి ఉన్నాయి.

రజని చెయ్యి బకిల్ మీదకి చాపింది.

సీటు వెనక, లోపల, ఏడో ఫ్రేమ్ దగ్గర... టక్.

ఒక్కటే. పని కాలేదు.

రజని చెయ్యి వెనక్కి తీసుకుంది.